పత్తి రాలేదు, పటాలం వచ్చింది

1871 అక్టోబరులో ఎగువ గోదావరి నౌకాయానం పనులు ఆపెయ్యమన్నారు. అప్పటికి పదేళ్లు గడిచాయి. దాదాపు 7 లక్షల పౌన్లు, అంటే ఆనాటి లెక్కన 70 లక్షల రూపాయలు, నది పాలయ్యాయి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు, పక్క కాలువ లేచాయి. ఇచ్చంపల్లి బండల దగ్గర పని నడుమలో ఉంది. ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మొదలైందంటే మొదలైంది, అంతే. కాకినాడ రేవు నుంచి వార్ధా లోయ పత్తిచేల దాకా స్టీమర్లు నడపాలన్న సంకల్పం అక్కడితో సరి. ఆ సంకల్పం నెరవేరితే దానికి నడిబొడ్డు కావలసిన ఊరు సిరొంచ.

ఇవాళ్టి పటంలో సిరొంచ మహారాష్ట్రకు తూర్పు దక్షిణాల కొస. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటేనే అడవిలో సుమారు రెండొందల కిలోమీటర్లు. ముంబాయి మాట ఎత్తనే అక్కర్లేదు. ఊరు ప్రాణహిత ఎడమ గట్టున ఉంది. కొంచెం కిందికి పోతే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఆ సంగమం ఒడ్డున అవతల కాళేశ్వరం. ఇంకా దిగువన ఇంద్రావతి వచ్చి పడుతుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండి. మూడు నదులు, మూడు భాషలు, ఇప్పుడు మూడు రాష్ట్రాలు. సరిహద్దు ఊళ్లకు ఒక శాపం ఉంది: రాజధానులకు అవి ఎప్పుడూ గుర్తుకు రావు, ఒక్క యుద్ధం వచ్చినప్పుడు తప్ప. సిరొంచ కథ కూడా అదే.

1858లో మొదటిసారి గుర్తుకొచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే నాగపూరు భోంస్లే రాజ్యం కుంపిణీలో కలిసింది. చాందా అడవుల్లో గోండు జమీందారు బాబూరావు షెడ్మాకే తిరగబడ్డాడు. ఆ ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున టెలిగ్రాఫ్ పనిమీద బస చేసిన గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు దొరలు హతమయ్యారు. అక్టోబరు 21న బాబూరావును చాందాలో ఉరితీశారు. అతణ్ని పట్టి ఇచ్చింది అహేరి జమీందారిణి లక్ష్మీబాయి. దొరతనానికి దీంతో ఒక విషయం తెలిసొచ్చింది. ఈ నదుల మధ్య దేశంలోకి సైన్యాన్ని దింపాలంటే దారి లేదు. పత్తి సంగతి తర్వాత. ముందు పట్టు దొరకాలి.

రెండేళ్లకే నిజాముతో బేరం కుదిరింది. 1860 ఒడంబడికలో రాయచూరు అంతర్వేది, ధారాశివ్ జిల్లా నిజాముకు తిరిగి ఇచ్చారు, సురాపురం కలిపారు, 50 లక్షల బాకీ కొట్టేశారు. బదులుగా గోదావరి ఎడమ గట్టు తీసుకున్నారు: రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతు కూడా రాయించుకున్నారు. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడింది. ఎగువ గోదావరి జిల్లా పుట్టింది, సిరొంచ దానికి కేంద్రమైంది. కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ డిప్యూటీ కమిషనరుగా ఇక్కణ్నుంచే బస్తరు దాకా తిరిగి నివేదికలు రాశాడు. ఒక జిల్లాను నది కోసం గీశారు. గోదావరి వెంట సన్నగా, పొడుగ్గా ఉండే ఆ జిల్లాకు వేరే అర్థమే లేదు. నది మీద పడవలు నడిస్తే అది జిల్లా, నడవకపోతే ఉత్త గట్టు.

ఇదంతా ఎవరి తలలో పుట్టింది? తెలుగువాళ్లకు పేరు చెప్పనక్కర్లేదు, చెబుతాను. ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా కళ్లముందే మారిపోయింది. అక్కడితో ఆయన ఆగలేదు. నీళ్లు పొలానికి ఎంతో బండికి అంతే అన్నది ఆయన సిద్ధాంతం: రైలుకన్నా కాలువ చౌక, నది ఇంకా చౌక. జీవితాంతం రైళ్ల మీద పోరాడాడు. ఆనకట్ట విషయంలో ఆయన మాట నెగ్గింది కాబట్టి నౌకాయానం విషయంలోనూ నెగ్గుతుందని ఆయన నమ్మాడు. మన ఇళ్లలో కాటన్ దొర పటానికి దండ వేసేవాళ్లు ఈ రెండో అధ్యాయం చదవరు. చదివితే దండ తీసెయ్యాలని కాదు. ఆ మహానుభావుడి గెలుపు డెల్టాలో ఉంది, ఓటమి సిరొంచలో ఉంది. రెండూ ఒకే నది మీద, ఒకే చేతి పని.

ఎగువకు పోయి నదిని కొలిచింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ హేగ్, ఫెలిక్స్ థాకరే హేగ్. అడ్డంకులు మూడన్నాడు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. రెండోది ఇంద్రావతి కలిసే చోటికి దిగువన ఇచ్చంపల్లి. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ఈ మూడు చోట్లా నది బండల మీంచి దూకుతుంది. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకులతో పడవను మెట్టు మెట్టుగా ఎక్కించాలి. మూడు మెట్లు ఎక్కితే ప్రాణహిత, ఆపైన వార్ధా, ఆపైన హింగన్‌ఘాట్ పత్తి. కాగితం మీద చూస్తే ఇప్పటికీ నమ్మబుద్ధి వేస్తుంది.

నమ్మించింది మాత్రం కాగితం కాదు, యుద్ధం. 1861 ఏప్రిల్‌లో అమెరికాలో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవుల్ని ఉత్తరాది నౌకాదళం దిగ్బంధం చేసింది. అంత పొడవైన తీరాన్ని కాయడానికి యుద్ధనౌకలు చాలక ఉత్తరాదివాళ్లు వర్తక స్టీమర్లను, రేవు దాటించే ఫెర్రీలను కూడా కొని ఫిరంగులు ఎక్కించి గస్తీకి పంపారు. నిన్నటిదాకా జనాన్ని మోసిన పడవ ఇవాళ పత్తిని ఆపే పడవ అయింది. దాని దెబ్బ లాంకషైర్ మిల్లులకు తగిలింది, మాంచెస్టర్ వర్తకులకు తగిలింది, తిరిగి తిరిగి సిరొంచకు తగిలింది. అంతకుముందే, 1857లో, మాంచెస్టర్‌లో కాటన్ సప్లై అసోసియేషన్ పెట్టుకుని ఇండియా నుంచి పత్తి ఎట్లా తేవాలా అని మథనపడుతున్నవాళ్లకు ఇప్పుడు గోదావరి కనబడింది. లండన్‌లో ఒత్తిడి పెరిగింది. సెంట్రల్ ప్రావిన్సెస్‌కు చీఫ్ కమిషనరుగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1863లో ఈ నౌకాయానం మీద పెద్ద నివేదికే రాశాడు. పనులు ఊపందుకున్నాయి.

ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున గస్తీ పడవ లంగరు వేస్తే ఇక్కడ కోయదొరల అడవిలో బండలు పేల్చారు. ఆ రెంటికీ మధ్య ఉన్న మనిషికి, అంటే సుత్తి పట్టినవాడికి, ఈ సంగతి తెలిసే వీలు లేదు.

తెలిసిందల్లా జ్వరం. మలేరియాను దోమ మోస్తుందన్న సంగతి ఇంకా ముప్పై ఏళ్ల తర్వాత గాని బయటపడలేదు. అప్పటికి అది అడవి గాలి, అడవి నీళ్లు. జనం పలచగా ఉన్న దేశం కాబట్టి కూలీలను కింది నుంచి తేవాలి, వచ్చినవాళ్లు జ్వరపడతారు, లేచినవాళ్లు పారిపోతారు. పనిచేసే కాలమూ తక్కువే. వరద ఉన్నప్పుడు బండల జోలికి పోలేరు. వరద తగ్గాక పోతే ఎండ. గోదావరి సంగతి ఒడ్డువాళ్లకు చెప్పాలా? ఆషాఢంలో పాపికొండల మధ్య దాన్ని చూస్తే సముద్రమే లోపలికి వచ్చిందనిపిస్తుంది. మాఘం దాటితే అదే నదిలో ఇసుక మేటల మధ్య దోనె కూడా నేలకు రాసుకుంటుంది, గెడ వేసి నెట్టాలి. ఏడాదిలో సగం ఓడకు పనికొచ్చి సగం పనికిరాని దారి వర్తకుడికి దారి కాదు. పత్తి కోతకొచ్చి, ఏరి, బేళ్లు కట్టేసరికి నది ఎండుతుంది. దీన్ని ఏ లాకూ మార్చలేదు. నా దృష్టిలో పథకంలో అసలు లోపం ఇదే. డబ్బు కాదు, జ్వరం కాదు, రైలు కూడా కాదు. పంట నెల వేరు, వరద నెల వేరు.

అట్లాగని నది అంతకుముందు ఉత్తినే ఉందనుకోకండి. అహేరి అడవుల టేకు దుంగలు తెప్పలు కట్టుకుని వరద మీద రాజమండ్రి దాకా పోయేవి. నాటు పడవల్లో సరుకు సాగేది. రేవు రేవుకూ దోనెలు తిరిగేవి. వరద వచ్చినప్పుడు పోవడం, తగ్గినప్పుడు ఆగడం తెప్పవాడికి తెలుసు. ఏడాది పొడుగునా నడవాలన్నది మాంచెస్టర్ కోరిక గాని గోదావరి కోరిక కాదు.

దుమ్ముగూడెంలో హేగ్ మరో పని చేశాడు. తన పనిలో ఉన్న ఉద్యోగుల్లో వెంకటరామరాజు అనే ఆయన క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆయనతో అక్కడ కోయల మధ్య మిషను మొదలైంది. తర్వాత చర్చి మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి కోయల ఆచారాల గురించి, భద్రాచలం రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. విచిత్రం ఏమంటే ఇంజనీర్లు వదిలిపోయిన చోట పాదరీలు మిగిలారు. ఓడల కోసం వేసిన గుడారం చర్చి అయింది, బడి అయింది. ఆ రాతలు లేకపోతే ఆనాటి కోయపల్లెల సంగతి మనకు ఇంకా తక్కువ తెలిసేది.

పతనం ఒక్క దెబ్బతో రాలేదు. 1865 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర కూలింది. బొంబాయిలో పత్తి డబ్బుతో ఉబ్బిన వాటాల వ్యాపారం ఆ జూలైలో పేలిపోయింది. 1867లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైలు నాగపూరు చేరింది. హింగన్‌ఘాట్ పత్తికి ఇప్పుడు పడమర దారి దొరికింది, ఎండా వానా చూడని దారి. బొంబాయి రేవుకు రోజుల్లో చేరుతుంటే నెలల తరబడి వరద కోసం కాచుకునేదెవరు? పదేళ్లు గడవకముందే, 1877 జనవరి 1న, జంషెట్జీ టాటా నాగపూరులోనే ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. లాంకషైర్‌కు పోవలసిన పత్తి ఉన్న ఊళ్లోనే నూలు కావడం మొదలుపెట్టింది. అప్పటికి ఇచ్చంపల్లి పని ఆగిపోయి ఐదేళ్లు దాటింది.

నది కోసం గీసిన జిల్లా నదితో పాటే పోయింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిపారు. సిరొంచ చాందాకు తోకగా మిగిలింది. నూగూరు, ఆల్బాక, చర్ల ఇంకొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండి తర్వాత అవీ మద్రాసుకు పోయాయి. పద్నాలుగేళ్ల కింద నిజాముతో బేరమాడి సంపాదించిన గట్టును పెళ్లి చెడిన ఇంట్లో సామాన్లలా తలా ఒకటి పంచుకున్నారు. సిరొంచ తెలుగువాళ్లు మరాఠీ కచేరీకి అలవాటు పడటం ఆనాటి నుంచే.

ఇక్కడ అసలు విషాదం మొదలవుతుంది.

సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నన్నాళ్లు రేకపల్లి కొండల్లో పోడుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది. గొడ్డలికి నాలుగణాలు, ఎంత నరుక్కుంటే అంత. మద్రాసు కిందికి రాగానే పన్ను పెరిగింది, కొన్ని అడవులు పోడుకు మూసేశారు. పక్కనే రంపలో మన్సబుదారు దోపిడి, దాని పైన కల్లు మీద చిగురు పన్ను, కల్లు గుత్తేదార్ల జులుం, వాళ్లకు అండగా పోలీసులు. 1879 మార్చిలో రంప భగ్గుమంది. ఏప్రిల్‌లో గొలుగొండ కొండలకు పాకింది, జూలైకి రేకపల్లి అంటుకుంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, రేకపల్లి వైపు అంబుల్‌రెడ్డి ముందు నిలిచారు. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి.

దొరతనం సైన్యాన్ని దించింది. మద్రాసు పదాతి దళాలు వచ్చాయి, సాపర్లు వచ్చారు, గుర్రపు దళం వచ్చింది, హైదరాబాదు కాంటింజెంట్ వచ్చింది. కొండల్లో బాటలు లేవు. ఉన్న దారి ఒక్కటే, గోదావరి. అప్పుడు స్టీమరు అక్కరకొచ్చింది. పత్తి బేళ్లు ఎక్కవలసిన నది మీద తుపాకులు ఎక్కాయి. షామ్‌రాక్ అనే స్టీమరు మీద తిరుగుబాటుదార్లు దాడి చేసిన సంగతి జిల్లా చరిత్రకెక్కింది. 1880లో చంద్రయ్యా, తమ్మన్నదొరా చనిపోయారు. ఆ ఏడాది చివరికి పితూరీ అణగారింది.

కాటన్, హేగ్ ఇది కోరలేదు. హేగ్ భక్తిపరుడు, తర్వాత జనరలై, ఉద్యోగం వదిలి, మిషన్ల కోసం అరేబియా తీరాలు తిరిగాడు. కాని వాళ్లు కొలిచిన లోతులు, గుర్తుపెట్టిన బండలు ఎవరికి ఉపయోగపడ్డాయి? రైతుకు కాదు, తెప్పవాడికి కాదు. స్టీమరుకు ఈ గట్టు మనిషి మీద నమ్మకం లేదు, ఈ మనిషికి స్టీమరు మీద లేదు. మొదటిసారి గట్టిగా కలుసుకున్నప్పుడు ఇద్దరి మధ్యా తూటాలే నడిచాయి.

ఒక పక్కమాట చెప్పాలి. నిజానికి పక్కమాట కాదు. గోదావరి మీద పనులు ముమ్మరంగా సాగుతున్న 1865లోనే గ్లాస్గోలో ఇరావతి ఫ్లోటిల్లా కంపెనీ పుట్టింది. బర్మాలో 1852 యుద్ధంలో సర్కారు తెచ్చిన స్టీమర్లను కొనుక్కుని మొదలైన కంపెనీ అది. యుద్ధపు పడవలు వర్తకపు పడవలయ్యాయి. గోదావరి ఎండితే ఇరావతి ఎండదు. అక్కడ బియ్యం ఉంది, నూనె ఉంది, టేకు ఉంది, జనం ఉన్నారు. కంపెనీ పెరిగి పెరిగి ఆరొందలకు పైగా ఓడలు, ఫ్లాట్లు, లాంచీలు గల సంస్థ అయింది. ప్రపంచంలో అంత పెద్ద నదీ నౌకాసంస్థ మరొకటి లేదనేవారు. మన నది మీద పత్తి స్టీమరు రాలేదు కాబట్టి మన మనిషే స్టీమరు దగ్గరికి పోయాడు. కాకినాడ, కోరంగి, విశాఖ రేవుల నుంచి తెలుగు కూలీలు వేలకు వేలు రంగూను వెళ్లారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలన్నారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె రక్తపాతంతో ముగిసింది.

ఆ వర్తకపు పడవలను కూడా యుద్ధం వదల్లేదు. 1885 నవంబరులో మాండలే మీదికి ఇంగ్లీషు సైన్యాన్ని మోసుకుపోయింది ఇదే ఫ్లోటిల్లా. ఆ నెలాఖరుకు తీబా రాజు లొంగిపోయాడు. ఆయన్ను తెచ్చి పెట్టింది మళ్లీ ఈ మహారాష్ట్రలోనే, రత్నగిరిలో. 1916లో అక్కడే కన్నుమూశాడు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. రేవు ప్రాంతం నాశనమైంది, మనవాళ్లు కుప్పలుగా చనిపోయారు. 1942 ఫిబ్రవరిలో సింహళం నుంచి వందమంది చిల్లర రాయల్ మెరైన్లు రంగూనులో దిగారు. ఫోర్స్ వైపర్ అని పేరు. వాళ్లకు యుద్ధనౌకలు లేవు. రంగూను నది మీద, ఇరావతి మీద జనాన్నీ సరుకునూ మోసే మామూలు లాంచీలు పట్టుకుని వాటికి మెషిన్‌గన్లు బిగించి గస్తీ మొదలెట్టారు. మార్చి మొదటి వారంలో రంగూను పోయింది. లాంచీలు నది ఎగువకు వెనక్కి జరుగుతూ, సైన్యాన్ని దాటిస్తూ, దాటించాక రేవులు కాలుస్తూ పోయాయి. ప్రోమ్ పోయింది, ఏనాంజాంగ్ నూనె బావులు తమవాళ్లే పేల్చేశారు. ఇక పోవడానికి నీళ్లు లేనిచోట పడవలను ముంచేసి, బతికినవాళ్లు కొండలెక్కి ఇండియాకు నడిచారు. ఫ్లోటిల్లా కంపెనీ మేనేజరు జాన్ మోర్టన్ ఏప్రిల్, మే నెలల్లో మాండలే వైపు ఉన్న తమ ఓడలను తమ చేతులతోనే నదిలో ముంచించాడు. జపానువాళ్లకు దక్కకూడదని. దాదాపు ఎనభై ఏళ్లు కట్టుకున్న సంస్థ కొన్ని వారాల్లో ఇరావతి అడుగున చేరింది.

అదే దారుల్లో మన కోరంగీలు నడిచారు. వాళ్లకు లాంచీ లేదు, సైన్యం లేదు. లక్షల మంది ఇండియన్లు తౌంగుప్ కనుమ దాటి అరకాను వైపు, టమూ దాటి మణిపురం వైపు, చివరి దారిగా హుకాంగ్ లోయ మీదుగా నడిచారు. ఎన్ని వేలమంది దారిలో రాలిపోయారో లెక్క పెట్టినవాడు లేడు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పేటలు ఇప్పటికీ మన కోస్తా పట్టణాల్లో ఉన్నాయి. వాళ్లు ఇల్లు చేరకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. హింగన్‌ఘాట్ పత్తి దిగవలసిన కాకినాడే అది.

మళ్లీ సిరొంచకు వద్దాం. స్వతంత్రం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. సెంట్రల్ ప్రావిన్సెస్ పోయి మధ్యప్రదేశ్, అది పోయి బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర. 1982లో చంద్రపూర్‌గా పేరు మారిన చాందా నుంచి గడ్చిరోలి విడివడింది. అప్పటికే ఈ రేవులు మరో యుద్ధంలోకి వెళ్లాయి. 1980 నవంబరులో, బెల్లంపల్లి నుంచి ప్రాణహిత దాటి వచ్చిన పెద్ది శంకర్‌ను సిరొంచ దగ్గర మోయిన్‌బిన్‌పేటలో పోలీసులు కాల్చారు. గడ్చిరోలి నక్సలైటు ఉద్యమంలో తొలి మరణంగా దాన్ని చెబుతారు. అప్పటి నుంచి నది సరిహద్దు కాస్తా కాపలా గీత అయింది. అవతలి గట్టుకు బియ్యం మూట, పెళ్లిబృందం, పురిటి మనిషి దాటే పడవను రెండువైపులా అనుమానంగా చూసే కాలం వచ్చింది. పడవవాడు రేవు దాటించడమే నేరానికి సాక్ష్యమయ్యే రోజులు అవి. పోలీసు చరిత్రలోనూ నక్సలైటు చరిత్రలోనూ ఈ పడవవాళ్లకు అధ్యాయం లేదు.

నీటి మీద తుపాకీ పట్టుకుని కూచున్నవాడికి దాక్కునే చోటు ఉండదన్నది షామ్‌రాక్ కాలంలోనే తేలిన సంగతి. 2008 జూన్ 29న అది మళ్లీ తేలింది. ఒడిశాలో మల్కాన్‌గిరి జిల్లా, బలిమెల జలాశయం. కూంబింగ్ నుంచి తిరిగొస్తున్న ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళం లాంచీలో ఉంది. కొండ మీంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు, లాంచీ మునిగింది, 38 మంది చనిపోయారు. ఎక్కువమంది తెలుగు పిల్లలే. వాళ్లను తుపాకులతో ఎదిరించినవాళ్లలోనూ తెలుగు పిల్లలున్నారు. ఆ జలాశయం కూడా కరెంటు కోసం, సాగు కోసం కట్టిందే. దాని కింద ఊళ్లు మునిగినవాళ్లు ఇంకా పడవ మీదే బయటి లోకానికి రావలసి ఉండేది.

ఈ గట్టు మీద కట్టిన చివరి పెద్ద కట్టడం గురించి కూడా ఒక మాట. సిరొంచకు దిగువన మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బరాజ్ కట్టారు. 2016లో మహారాష్ట్రతో ఒప్పందం, 2019 జూన్ 21న ప్రారంభం. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. నీళ్లు తెలంగాణకు పోవలసినవి. మునక మాత్రం సిరొంచ వైపు పొలాలకూ వచ్చిందని అక్కడి రైతులు పరిహారం కోసం ఆందోళనలు చేశారు. దీనికీ 1871కీ పోలిక పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి పడవల కోసం, ఒకటి పంటల కోసం. కాని రెండు సార్లూ నిర్ణయం చేసినవాళ్లు దూరంగా ఉన్నారు, రెండు సార్లూ వరద, ఇసుక, బండ తమ మాట తాము చెప్పాయి, రెండు సార్లూ సిరొంచను ఎవరూ సలహా అడగలేదు.

కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక రేవు పడవల పని దాదాపు అయిపోయింది. అది మంచికే, వరదలో పురిటి మనిషిని దోనెలో దాటించిన వాళ్లనడగండి. వంతెన కోసం సిరొంచ ఎంతకాలం కాచుకుందో వాళ్లే చెబుతారు.

2008లో రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా 171 కిలోమీటర్ల గోదావరిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. 2016 చట్టం దాన్ని ఎగువకు, నాసిక్ దాకా పొడిగించింది. ఆ లెక్కన దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, కాళేశ్వరం సంగమం, అన్నీ ఇవాళ జాతీయ జలమార్గంలో ఉన్నాయి. హేగ్ గీసిన గీతనే మళ్లీ గీశారు. పార్లమెంటులో ఆ చట్టానికి చేతులెత్తినవాళ్లలో ఒక్కరైనా మాఘమాసంలో వచ్చి ఇచ్చంపల్లి బండల మీద నడవాలి, ఆ తర్వాత సిరొంచ రైతును కూచోబెట్టి ఏ నెలలో ఏ సరుకు ఎటు పోవాలో అడగాలి. ఆ ప్రశ్న 1861లో అడగలేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సిరొంచకు ఇప్పటికీ రైలు లేదు, నది మీద సరుకు పడవా లేదు.